శరత్కాలపు సంతయు మన కుమ్మర జాతియు

ఒక జాతి చరిత్రమును వ్రాయబూనినవారు సాధారణముగా రాజులతోడను కవులతోడను ఆరంభింతురు. మనమును అట్లే చేయుచున్నాము. శాలివాహనుడు కుమ్మరియింట పెరిగెననియు, అతడు చేసిన మట్టిబొమ్మలు ప్రాణము దాల్చి శత్రుసేనల నోడించెననియు చెప్పు కథను మన సభలయందు తప్పక స్మరించుచున్నాము. రామాయణమును తేట తెలుగున రచించిన మొల్లను మన యాడుబిడ్డగా చెప్పుకొని గర్వించుచున్నాము. ఇవి విడువదగినవి కావు. అయినను కథ కథయే, చరిత్రము చరిత్రమే. క్రీ. శ. 78తో నారంభమగు శకమునకు శాలివాహనుని పేరు అనేక శతాబ్దములకు పిమ్మటగాని చేరలేదని చరిత్రకారులు నిర్ణయించిరి. కథ వలన గౌరవము కలుగును గాని, మన తాతముత్తాతలు ఏమి తినిరో, ఏమి సంపాదించిరో, ఎవరి యెదుట తలవంచిరో, ఎచ్చట తలయెత్తిరో తెలియదు.

రాజుల యుద్ధములకంటె ప్రజల బ్రతుకు చరిత్రమున ముఖ్యమని సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన తమ "ఆంధ్రుల సాంఘిక చరిత్రము"న నిరూపించిరి. ఆ మార్గము ననుసరించి, మన జాతి బ్రతుకులో ముఖ్యమైన యొక స్థలమును గూర్చి ఈ సంచికలో కొంత వ్రాయదలచితిమి. ఆ స్థలము దేవాలయము గాదు, కోట గాదు, సంత. అందును ఆశ్వయుజ కార్తిక మాసములలో జరుగు శరత్కాలపు సంత. రైతు పండించినదానిని తెచ్చి, తనకు వలసినదానిని కొనిపోవు ఆ చోటనే మన జాతికిని తక్కిన ప్రజకును గల సంబంధము తేటతెల్లముగా కనబడునని మా యభిప్రాయము.

ప్రాచీన కాలము

మన పనికి సాక్ష్యములు తామ్రశాసనములకంటె పాతవి. భూమిని త్రవ్వి పూర్వచరిత్రమును శోధించువారికి మొట్టమొదట దొరకునది పెంకు. రాజు పేరు చెరిగిపోవును, కోట కూలిపోవును, కాల్చిన పెంకు మాత్రము మట్టిలో కలియదు. తెలంగాణమునందలి బృహచ్ఛిలా సమాధులలో దొరకిన నలుపు ఎరుపు కుండలును, మెదకు సీమలోని కొండాపురమున హైదరాబాదు సంస్థాన పురావస్తు శాఖవారు 1940వ దశకపు తొలి యేండ్లలో త్రవ్వించినప్పుడు బయల్పడిన శాతవాహన కాలపు పాత్రలును మట్టిబొమ్మలును, ఆనాటి కుమ్మరుల చేతిపనికి నిలిచియున్న నిదర్శనములు.

ఆ కాలమున కుమ్మరులు ఒంటరివారు గారు. నాసిక గుహలలో ఆభీర రాజగు ఈశ్వరసేనుని కాలపు శాసన మొకటి కలదు. అది క్రీ. శ. 3వ శతాబ్దమునకు చెందినది. రోగులగు భిక్షువుల ఔషధములకై ఒక యుపాసిక యిచ్చిన ధనమును కొన్ని వృత్తి శ్రేణులయొద్ద నిక్షేపముగా నుంచినట్లు అందు చెప్పబడినది. ఆ శ్రేణులలో కులరికుల శ్రేణి యొకటి. కులరికులనగా కుమ్మరులని పండితు లర్థము చెప్పిరి. పరుల సొమ్మును నిలువచేసి, దానిపై వడ్డిని ధర్మమునకు క్రమముగా చెల్లించునంతటి నమ్మకము ఆనాటి కుమ్మరి సంఘమునకు కలదన్నమాట. నేడు సంఘము పెట్టుకొనుట క్రొత్తయని తలచువారు ఈ సంగతిని గమనింతురు గాక.

కాకతీయుల కాలమునాటికి ఓరుగల్లు అంగళ్లలో ధాన్యములు, కూరలు, నూనె, నెయ్యి, ఉప్పు, బెల్లము, పసుపు, అల్లము మున్నగు సరకులపై సుంకములు ఏర్పడియుండెను. స్వదేశి పరదేశి వర్తకుల సంఘములు ఆ సుంకములలో కొంతభాగమును దేవాలయములకు ఇచ్చుచుండెను. క్రీ. శ. 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, సాయంకాలము జరుగు సంతలో నిమ్మ, నారింజ, ద్రాక్ష మొదలైన తోటపంటలును కట్టెలును అమ్ముచుండిరని వ్రాసెను. మంగళవారపుపేట, శుక్రవారపుపేట యను పేళ్లు మన పట్టణములలో నేటికిని నిలిచియున్నవి. హైదరాబాదునందలి జుమ్మేరాత్ బజారు గురువారపు సంతయే గదా. వారమున కొకసారి చేరు సంతయే పెరిగి పేట యైనదనుటకు ఈ పేళ్లే సాక్ష్యములు.

కుండ ఇల్లు వెడలు మూడు త్రోవలు

పూర్వము కుమ్మరి చేసిన కుండ అతని యిల్లు వెడలుటకు మూడు త్రోవలుండెను. ఈ మూటిని వేరువేరుగ గుర్తించనిదే మన జాతి చరిత్రము బోధపడదు.

మొదటిది మేర. గ్రామమునందలి పన్నిద్దరు ఆయగాండ్రలో కుమ్మరి యొకడు. కరణము, రెడ్డి, తలారి, కమ్మరి, వడ్రంగి, మంగలి, చాకలి మున్నగువారితోపాటు అతనికిని గ్రామమున హక్కు కలదు. ఏడాది పొడుగునను రైతుల యిండ్లకు వలసిన కుండ, చట్టి, మూకుడు ఇచ్చుచుండుట అతని విధి. పంట నూర్చినప్పుడు కళ్ళమునొద్ద నిలిచి తన పాలు గింజలను కొలిపించుకొనుట అతని హక్కు. తెలంగాణమున దీనిని బలూత యనిరి. కొన్ని యూళ్లలో మాన్యపు భూమియు నుండెను. ఈ పద్ధతిలో ఆకలి బాధ కొంత తక్కువ. కాని వెల యను మాట లేదు. కుండ మంచిదైనను, చెడ్డదైనను, పది యిచ్చినను, ఇరువది యిచ్చినను మేర మేరయే. పంట పోయిన యేడు మేరయు పోవును.

రెండవది వెట్టి. అధికారులు గ్రామమునకు వచ్చినప్పుడు వారి మకామునకు కుండలు చేర్చుట, నీళ్లు మోయుట మొదలగు పనులు తెలంగాణపు పల్లెలలో కుమ్మరులపై పడుచుండెను. దీనికి మేరయు లేదు, వెలయు లేదు. ఎదురాడిన దెబ్బలు కలవు. 1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను సమావేశమైన నిజాము రాష్ట్రాంధ్ర మహాసభ కాలమునుండి వెట్టికి విరోధముగా ప్రజాభిప్రాయము బలపడెను. 1950 జనవరి 26 నుండి అమలునకు వచ్చిన రాజ్యాంగము తన 23వ అధికరణముచే వెట్టిని నిషేధించెను. 1976లో కట్టుబానిస పద్ధతిని రద్దుచేయు చట్టము వచ్చెను.

మూడవది సంత. ఈ యొక్క చోట మాత్రమే కుమ్మరి తన కుండను ముందు పెట్టుకొని కూర్చుండి "దీని వెల యింత" యని నోరు విప్పి చెప్పగలిగెను. కొనువాడు రెడ్డియైనను, కరణమైనను, ఆ కుండను చేతబట్టి, వ్రేలి గణుపుతో కొట్టి చూచి, బేరమాడవలసినదే. నచ్చనిచో పోవచ్చును. అమ్ముటకు ఇష్టము లేనిచో కుమ్మరియు "ఇయ్యను" అనవచ్చును. కళ్ళమునొద్ద చేయిచాచి నిలిచినవాడే సంతలో చేయి త్రిప్పి బేరము చెప్పెను. అందుచేతనే మన పెద్దలు పదిమైళ్లు కావడి మోసియైనను సంతకు పోవుచుండిరి. అది లాభముకొరకు మాత్రమే కాదు. వారమున కొకదినము తమ పనికి తామే వెల కట్టుకొను స్వాతంత్ర్యముకొరకు.

శరదృతువు ప్రశస్తి

సంత ఏడాది పొడుగునను జరుగును. అయినను మన జాతికి శరత్కాలపు సంతయే ముఖ్యము. కారణము స్పష్టము. వానకాలమున పచ్చికుండ ఆరదు. ఆరని కుండను వాములో పెట్టిన పగిలిపోవును. కట్టెలును పిడకలును తడిసియుండును. కావున ఆషాఢ శ్రావణములలో సారె చాలవరకు ఊరకయుండును. ఎండకాలమున చేసి దాచిన సరకు నమ్ముకొనుచు, అప్పు చేయుచు కాలము గడుపుదురు. భాద్రపదమున వినాయకుని ప్రతిమలతో చేతికి కొంత పని తగులును. వానలు వెనుకబట్టి, ఆకాశము తేటపడి, ఎండ తీక్ష్ణత తగ్గి, గాలి పొడిబారినప్పుడు సారె మరల తిరుగ నారంభించును. కుండ మరీ వేగముగ ఆరి బీటలు వారదు, మరీ ఆలస్యముగ ఆరి మెత్తబడదు. కుమ్మరికి ఇంతకంటె అనుకూలమైన ఋతువు లేదు.

రైతునకును ఆ కాలమే చేతియందు నాలుగు డబ్బులాడు కాలము. తొలకరిలో వేసిన మెట్టపైరులు ఇంటికి చేరును. సజ్జ, కొర్ర, మినుము, పెసర, వేరుసెనగ సంతకు వచ్చును. ప్రత్తి తొలితీత మొదలగును. గుమ్మడి, బూడిదగుమ్మడి మహానవమికి బండ్లమీద దిగును. తెలంగాణపు సంతలలో బతుకమ్మకై తంగేడును గునుగును మోపులు మోపులుగ వచ్చును. సీతాఫలములు గంపలకొలది కనబడును. కార్తికము రాగానే ఉసిరికాయలు, కందగడ్డలు, కోస్తాసీమలో తేగలు వరుస దీరును.

ఈ పండుగలలో మన మట్టి లేని పండుగ లేదు. దసరాకు కలశపు కుండ. దీపావళికి ప్రమిద. నాగులచవితికి పుట్టయొద్దకు పాలు తీసికొనిపోవు ముంత. కార్తికమున నదీతీరములందును దేవాలయములందును దీపము. ఆ మాసమున ఆరంభమగు పెండ్లిండ్లకు ఐరేని కుండలు. ఈ కుండలకై పెండ్లివారు మేళతాళములతో కుమ్మరి యింటికి నడచివచ్చుట మన దేశాచారము. ఈతచెట్లు గీయువారికి లొట్లు వలయును. క్రొత్త గింజలు దాచుకొను గృహిణికి కాగులు, పశువుల కుడితికి గోలెములు వలయును. ఒక్క దీపావళి ముందటి సంతలోనే కొన్ని కుటుంబములవారు వానకాలపు అప్పు తీర్చుకొనుచుండిరి.

ఈ సరకు తయారగుట యెట్టి శ్రమయో మన వారికి చెప్పనక్కరలేదు గాని, ఈ సంచికను చదువు పోషకుల కొరకు రెండు మాటలు చెప్పుదుము. చెరువునుండి మన్ను తెచ్చి, ఎండబెట్టి, నలుగగొట్టి, రాళ్లేరి, నానబెట్టి, కాళ్లతో త్రొక్కి పదును చేయవలెను. సారెపై కుండను ఎత్తిన తరువాత, అది కొంత ఆరినప్పుడు లోపల రాయి యానించి వెలుపల చెక్కతో తట్టి అడుగును మూయవలెను. నునుపు చేయవలెను, జేగురు పూయవలెను. పిమ్మట వాము పేర్చి, కట్టెలు, పిడకలు, గడ్డి వేసి కాల్చవలెను. గాలి యాడిన కుండ ఎర్రబారును. పొగను లోపలనే మూసిన నల్లబారును. వాము విప్పినప్పుడు పగిలినవెన్ని, నిలిచినవెన్ని యనునదే ఆ యింటి యదృష్టము. "కుమ్మరి కొక యేడు, గుదియ కొక పెట్టు" అను సామెత ఊరక పుట్టలేదు.

సంతనాడు

సంతకు ముందటి రాత్రి కుమ్మరవీధిలో నిద్ర తక్కువ. ఎండుగడ్డి పరచి, పెద్ద కుండలో చిన్న కుండ నిమిడ్చి, త్రాటివలలో కట్టి, బండి కలవారు బండిమీదను, లేనివారు కావడిమీదను, స్త్రీలు తలగంపలమీదను సరకు నెత్తుకొని కోడికూతకు ముందే బయలుదేరుదురు. దారిలో కాలు జారిన వారము రోజుల పని నేలపాలు. కావున కుండల కావడి యెదురైనప్పుడు బండివాడైనను ప్రక్కకు తొలగి దారి యిచ్చుట పల్లెలలో మర్యాద.

సంతలో ఎవరి తావు వారిది. కూరలవారొక వరుస, ధాన్యము వారొక వరుస, ఎండుచేపలవారు, గాజులవారు, మేదరులు, నేతవారు, నూనెగానుగవారు, ఒక్కొక్క వరుస. కుమ్మరులకు సాధారణముగా సంత యంచున, చెట్టుక్రింద, పశువుల రాకపోకలకు దూరముగ తావు. ఒకే యూరి కుమ్మరులు ప్రక్కప్రక్కనే కూర్చుందురు. ఒకని సరకు అయిపోయినచో ప్రక్కవాని సరకు నమ్మిపెట్టుట రివాజు. ఒకడు చెప్పిన వెలకు తక్కువగ ప్రక్కవాడు పిలువరాదు. ఇది వ్రాతలో లేని కట్టుబాటు. తప్పినవానిని ఆ సాయంకాలమే పెద్దలు మందలించుచుండిరి.

అమ్మకము చాలవరకు స్త్రీలది. మన జాతియందు సారె పట్టుట పురుషుల పనిగను, మన్ను మెత్తించుట, నునుపు చేయుట, రంగు పూయుట, సంతలో అమ్ముట స్త్రీల పనిగను పెక్కుచోట్ల నడచినది. కొనవచ్చినవాని ముఖము చూచి అక్కరయెంతో గ్రహించుట, "అన్నా, ఖంగుమన్నది వినలేదా" యని కుండను మ్రోగించి చూపుట, చిన్నదానిని కొసరిచ్చి పెద్దదానిని అమ్ముట, ఇవన్నియు మన తల్లులు బడికి పోకుండ నేర్చిన విద్యలు. గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచము అను కొలతలును, పలము, వీశ, మణుగు అను తూకములును వారి నోట నిలిచియుండెను. మెట్రిక్ తూనికలు కొలతలు 1956 చట్టముతో వచ్చిన తరువాత కిలోలును లీటర్లును సంతలకు క్రమముగా చేరినవి. అయినను కుండను "ఇన్ని మానికలు పట్టును" అని చెప్పు వృద్ధురాండ్రను మేము చూచియున్నాము.

డబ్బు తక్కువగ నున్న కాలమున సగము బేరము గింజలతోనే జరుగుచుండెను. కుండకు వెల ఆ కుండ పట్టినన్ని గింజలు. ధాన్యమునుబట్టియు పాత్రనుబట్టియు ఒకసారియో రెండుసారులో నింపవలెను. ప్రమిదలు మాత్రము పుంజీల లెక్కనో నూఱుల లెక్కనో పోవుచుండెను. మధ్యాహ్నమునకు ఆశీలుదారుడు వచ్చును. సంతను వేలమునందు పాడుకొన్నవాని మనిషి గంపకింత, బండికింత యని వసూలు చేయును. తెలంగాణమున తైబజారన్నది ఇదియే. ఆశీలు ఒక్కొక్కప్పుడు డబ్బుగ గాక వస్తువుగ పట్టుకొనిపోవుటయు కలదు. వెట్టి తప్పించుకొన్న కుండ ఆశీలు పేర పోయినదని మన వృద్ధులు నవ్వుచు చెప్పుచుండిరి. ఆ నవ్వులో బాధయు కలదు.

సంతలో సంఘము

సాయంకాలము బేరములు తగ్గిన తరువాత చెట్టుక్రింద మరియొక సభ జరుగుచుండెను. పది యూళ్ల కుమ్మరులు ఒకచోట కలియుట సంతనాడే గాని వేరొకనాడు సాధ్యము గాదు. అత్తవారింటనున్న కూతురిని తండ్రి చూచునది సంతలోనే. పిల్లకు సంబంధము వెదకుట, పిల్లవాని తీరు దూరమునుండి గమనించుట, మాట కలుపుట సంతలోనే. అన్నదమ్ముల పంపకపు తగవు, చేబదులు తీర్చనివాని సంగతి, విధవయైన యాడుబిడ్డ పోషణ, వాము కాలి యిల్లంటుకొన్న వానికి చందా, ఇవన్నియు కులపెద్దల యెదుట ఆ చెట్టుక్రిందనే తేలుచుండెను. ఏ చెరువున మంచి మన్ను పడినదో, ఏ యడవిలో కట్టెలు చవుకయో ఆ కబురులు అచ్చటనే చేరుచుండెను.

ఆ పంచాయతీలు అన్నియు ధర్మములైనవని మేము చెప్పము. అందు స్త్రీలు వార మంతయు అమ్మి సంపాదించినను మాటాడుటకు తావు లేకుండెను. పేదవానికి జరిమానాయు, కలిగినవానికి మందలింపును విధించిన సందర్భములు కలవు. అయినను అక్షరము లేని జాతిని కలిపి యుంచినది ఆ చెట్టునీడయే. నేడు మనము పందిరి వేసి, అధ్యక్షు నెన్నుకొని, తీర్మానములు వ్రాసికొని జరుపు మహాసభకు మాతృక ఆ సంత సాయంకాలమే యని మా నమ్మకము.

మార్పులు

ఈ యేర్పాటునకు మొదటి దెబ్బ లోహమునుండి వచ్చెను. 1898లో మద్రాసు కళాశాలయందు ఆల్ఫ్రెడ్ చాటర్టన్ దొర అల్యూమినియము పాత్రలు చేయు పనిని ప్రారంభించెను. ఆ సత్తుగిన్నెలు మొదట పట్టణములకును, తరువాత పల్లెలకును ప్రాకెను. పగులదు, తేలిక, తోముట సులువు. తరువాత స్టీలు వచ్చెను. పిమ్మట ప్లాస్టిక్ బిందెలు వచ్చి నీళ్ల కడవను వెళ్లగొట్టెను. అన్నము వండు కుండ, నీళ్లు తెచ్చు కడవ, పెరుగు తోడుపెట్టు చట్టి, ఈ మూడును పోయిన పిమ్మట ఇంటింట నిత్యము వలసిన కుండ లేకుండ పోయెను. మిగిలినవి పండుగ కుండ, పెండ్లి కుండ, చావు కుండ, వేసవిలో చల్లనీళ్ల కూజా.

మేరయు అట్లే పోయెను. మద్రాసు రాజధానిలో 1858లో ఏర్పడిన ఇనాము కమీషను కాలమునుండి గ్రామసేవకుల మాన్యముల స్వభావము మారజొచ్చెను. హైదరాబాదు ప్రాంతమున 1955లోను, ఆంధ్ర ప్రాంతమున 1956లోను ఇనాముల రద్దు చట్టములు వచ్చెను. రైతు డబ్బుతో కొనుటకు అలవాటు పడగా కళ్ళమునొద్ద కుమ్మరికి పనిలేకపోయెను. వెట్టి పోయినది, సంతోషము. మేర పోయినది, కొంత మేలు, కొంత కీడు. మూడు త్రోవలలో మిగిలినది సంత యొక్కటే. కావున పూర్వముకంటె నేడే సంత మనకు ఎక్కువ ముఖ్యమని పాఠకులు గ్రహింతురు గాక.

రైతు బజారు

పంట అమ్మకపు స్థలములకు చట్టములు ఇరువదవ శతాబ్దమున వచ్చెను. 1928లో వ్యవసాయమును గూర్చిన రాయల్ కమీషను క్రమబద్ధమైన విపణులు కావలెనని చెప్పెను. 1933లో మద్రాసు వాణిజ్య పంటల విపణుల చట్టమును, 1966లో ఆంధ్రప్రదేశ వ్యవసాయోత్పత్తుల విపణుల చట్టమును వెలువడెను. ఇవి పంటలనుద్దేశించినవి. చేతిపనివానికి వానిలో తావు లేదు.

1999 జనవరి 26న అప్పటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారు రైతు బజారులను ప్రారంభించిరి. దళారి లేకుండ పండించినవాడే తినువానికి అమ్మవలెనని వారి యుద్దేశము. అందు రైతునకు గుర్తింపు పత్రమిత్తురు. ఎస్టేటు ఆఫీసరను ఉద్యోగి యుండును. ఏ దినపు ధర ఆ దినము బోర్డుమీద వ్రాయుదురు. ఆ ధర టోకు ధరకంటె ఎక్కువగను, చిల్లర ధరకంటె తక్కువగను ఉండవలెను. స్వయంసహాయక సంఘముల స్త్రీలకును కొన్ని తావులు లభించినవి. ఇప్పుడు ఉభయ తెలుగు రాష్ట్రములలోను ఈ బజారులు నడచుచున్నవి. శరత్కాలమున తెల్లవారకముందే అచ్చట తాజా కూరల రాశులును, చామంతి బంతిపూల గంపలును, కార్తికపు ఉసిరికాయలును చూచినవారికి పాత సంత జ్ఞప్తికి రాకమానదు.

మంచిది. కాని చేసినవాడే అమ్మవలెననుట కుమ్మరికి క్రొత్త ధర్మమా? తన చేత చేసి, తన భార్య తలకెత్తుకొని, తాముభయులును కూర్చుండి అమ్ముకొనుట మన జాతికి అనాదియైన యాచారము. దళారి లేని వర్తకమునకు కుమ్మరి దంపతులకంటె మంచి దృష్టాంతము లేదు. అట్టివారు నేడు ఎచ్చట కూర్చున్నారు? రైతు బజారు ప్రహరీ వెలుపల, కాలువగట్టున, మోటారు బండ్ల పొగలో. దీపావళి ముందు నాలుగు దినములు ఎండకు గుడ్డ కట్టుకొని ప్రమిదలు పరచిన వృద్ధురాలిని, దారికి అడ్డమని లెమ్మనుట మేము పలుచోట్ల చూచితిమి. ఆమె ప్రక్కనే అచ్చున పోసి రంగులద్దిన ప్రమిదలు పెట్టెలలో దూరదేశమునుండి దిగి అమ్ముడుపోవుచున్నవి. వాని నమ్మువానిపై మాకు ద్వేషము లేదు. అతడును పొట్టకూటికే వచ్చెను. మా విన్నపము ఒక్కటే. లోపల నీడయందు ఆ వృద్ధురాలికి నాలుగడుగుల తావు కావలెను.

మన్ను సంగతి

తావు లభించినను మన్ను లేనిదే సరకు లేదు. పూర్వము ఊరి చెరువుమన్ను కుమ్మరి హక్కు. ఎవరును అడుగువారు లేరు. నేడు చెరువులు పూడినవి, కొన్ని ఇండ్లస్థలము లైనవి. తెలంగాణమున 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ వలన పెక్కు చెరువుల పూడిక తీయబడెను. అది చేలకు మేలు. అయినను ఇట్టి పనులలో యంత్రములు పైమన్నును లోమన్నును కలిపి యెత్తివేసినచో కుండకు పనికివచ్చు బంకమన్ను పొర పోవును. పూడిక తీయుటకు ముందు ఊరి కుమ్మరి నొకని పిలిచి చూపినచో ఎవరికిని నష్టము లేదు.

మన్ను త్రవ్వుటకు పర్యావరణపు ముందనుమతి కావలెనను భయము కొందరిలో కలదు. కేంద్ర ప్రభుత్వమువారు 2016 జనవరిలో వెలువరించిన ప్రకటనయందు, ఆచారము ననుసరించి కుమ్మరులు చేతితో త్రవ్వుకొను సామాన్యపు మన్నునకు ఆ యనుమతి అక్కరలేదని స్పష్టపరచిరి. ఈ సంగతి మన యూళ్లలో ఎందరికి తెలియును? తెలియనివానిని భయపెట్టి సొమ్ము గుంజువారు కలరు. కావున ఇట్టి ప్రకటనలను తేట తెలుగున అచ్చువేయించి ప్రతి కుమ్మరవీధికిని పంపుట సంఘపు విధి.

ప్రభుత్వపు సాయములు లేకపోలేదు. 2004లో రైల్వే స్టేషనులలో టీకి మట్టిముంతలు వాడవలెనని యుత్తరువైనది, గాని ఆ యుత్సాహము నిలువలేదు. ఖాదీ గ్రామోద్యోగ సంఘమువారు 2018 నుండి విద్యుచ్చక్తితో తిరుగు సారెలను ఇచ్చుచున్నారు. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన విశ్వకర్మ పథకమునందలి 18 వృత్తులలో కుమ్మర వృత్తియు చేరియున్నది. 2022 జూలై 1 నుండి ఒక్కసారి వాడి పారవేయు కొన్ని ప్లాస్టిక్ వస్తువులు నిషిద్ధములైనవి. సారె విద్యుత్తుతో తిరిగినచో నడుమునొప్పి తగ్గును. కాని తిరిగిన సారెమీది కుండ అమ్ముడుపోవుటకు తావు లేనిచో ఆ వేగము వలన ప్రయోజనమేమి?

కర్తవ్యము

మన యువకులలో కొందరు సంతపేరు చెప్పిన తలవంచుకొనుచున్నారు. "చదువుకొన్నవాని తల్లి గంప మోయుట నామోషీ" యనుచున్నారు. వారి బాధను మేము ఎరుగుదుము. ఏ పిల్లవాడును సారెకు కట్టుబడి యుండవలెనని మేము కోరము. బి. సి. 'బి' వర్గమున మనకు లభించిన యవకాశములను వినియోగించుకొని వారు వైద్యులు, ఇంజనీర్లు, ఉపాధ్యాయులు కావలెను. కాని ఆ చదువునకు ఫీజు కట్టిన డబ్బు ఎచ్చటనుండి వచ్చినదో మరువరాదు. అది దీపావళి సంతలో పుంజీ పుంజీగ అమ్మిన ప్రమిదల డబ్బు. నామోషీ గంప మోయుటలో లేదు. మోసిన తల్లికి కూర్చుండుటకు తావు లేకుండుటలో కలదు.

కావున ఈ మహాసభవారి యెదుట నాలుగు విషయముల నుంచుచున్నాము. ఒకటి, ప్రతి రైతు బజారునందును, పంచాయతీ సంతయందును మట్టిపాత్రలు చేయువారికి నీడగల తావు నొకదానిని, కనీసము ఆశ్వయుజ కార్తికములందైనను, ఇప్పించవలెనని ఉభయ ప్రభుత్వములకును విన్నవించుట. రెండు, సంతను వేలము వేయునప్పుడు తలగంప సరకునకు ఆశీలు లేకుండ చేయవలెనని పంచాయతీలను కోరుట. ఇందు మన జాతికేగాక మేదరులకు, కూరలమ్ము పేదరైతులకును మేలు కలదు. వారిని కలుపుకొనియే అడుగవలెను. మూడు, మంచి మన్ను గల చెరువుల పట్టికను మండలములవారీగ తయారుచేసి, కుమ్మర సహకార సంఘముల పేర హక్కులకు దరఖాస్తు చేయుట. నాలుగు, కాగు, బాన, అటిక, దుత్త, గురిగి, లొట్టి యని మన తల్లుల నోట నిలిచియున్న పాత్రల పేళ్లను, కొలతలను, సంత కట్టుబాట్లను వృద్ధులు జీవించియుండగనే వ్రాయించి ముద్రించుట. ఈ నాలుగవదానికి ఎక్కువ ధనము అక్కరలేదు. చదువుకొన్న మన పిల్లలు సెలవులలో సంతకు పోయి, కాగితము కలము పట్టుకొని, ఆ తల్లుల ప్రక్కన కూర్చుండిన చాలును.

పోషక మహాశయులకు ఒక్క మాట. తమరు ఈ సంఘమునకు చందాలిచ్చి, వసతిగృహములు కట్టించి, విద్యార్థులకు వేతనములిచ్చి మేలు చేయుచున్నారు. దానితోపాటు రాబోవు దీపావళికి తమ యింటి ప్రమిదలను ఊరి కుమ్మరి చేతినుండి కొనుడు, బేరము గట్టిగ ఆడకుడు. కొనునప్పుడు వ్రేలి గణుపుతో కొట్టి చూడుడు. గట్టిగ కాలిన మట్టి ఖంగున పలుకును. ఆ పలుకు వినిపించుచున్నంతకాలము ఈ జాతి చేతిపని జీవించియే యుండును.